కరకట్ట మీద అటు తిరిగినవాళ్ళు

గుణదల, విజయవాడ
నవంబరు 19

చి. శౌరికి,

అక్క రాస్తున్న ఉత్తరం. పెళ్ళికి ముందెప్పుడో రాశాను ఉత్తరాలు, చెయ్యి తిరగడం లేదు. మూడు నెలలు నువ్వు ఫోను ముట్టుకోకూడదనీ టీవీ చూడకూడదనీ కోయంబత్తూరు డాక్టరుగారు చెప్పినప్పుడు నువ్వు పెట్టిన మొహం నాకింకా గుర్తుంది. ర్యాలీ పందెంలో కారు కొండ మీంచి దొర్లినప్పుడు కూడా అంత ఏడుపు మొహం పెట్టి ఉండవు. తల లోపల దెబ్బ తగిలినవాడికి వెలుగూ మోతా పనికిరావంట, కాగితం పనికొస్తుందంట. అందుకే నిన్ను నాగాయలంకలో సొలొమోను బాబాయి రొయ్యల చెరువుల దగ్గర దించి వచ్చాం. అక్కడ వెలుగూ లేదు, మోతా లేదు, బాబాయి ఎటూ మాట్లాడడు.

నీకింకా ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. నీ పక్క సీట్లో కూర్చుని మెడ కింది ఎముక విరగ్గొట్టుకున్న షబ్బీరు, ఆసుపత్రిలోనే చెబుతానన్నాడు. తల కుదుటపడ్డాక నవ్వుకోవచ్చులే అని నేనే ఆపాను. ఇప్పుడు నవ్వుకో.

నీ కారు పడ్డ సాయంత్రం ఎవడో నీ ఫొటో పెట్టి, విజయవాడ ర్యాలీ డ్రైవర్ బాలశౌరి దుర్మరణం అని వాట్సాప్‌లో పంపాడు. అది ఊరంతా తిరిగి అమ్మ దగ్గరికొచ్చింది. నేను అప్పటికే కోయంబత్తూరు రైల్లో ఉన్నాను, సిగ్నల్ లేదు. మర్నాడు మృతుల పండుగ. మన చర్చిలో ఆ ఏడు పోయినవాళ్ళ పేర్లు ఇస్తే ఫాదర్‌గారు పూజలో ఒక్కొక్కటీ చదువుతారు, ఇంటివాళ్ళు ఒక్కో కొవ్వొత్తి వెలిగించి తీసుకెళ్ళి సమాధి మీద పెడతారు కదా. అమ్మ ఏడవలేదంట. చీర మార్చుకుని వెళ్ళి నీ పేరు ఇచ్చేసిందంట. శవం ఎప్పుడొస్తుందో తెలీదు, ఈ ఏడు తప్పితే మళ్ళీ ఏడాది దాకా పేరు చదవరు, అప్పటిదాకా పిల్లాడు ప్రార్థన లేకుండా ఎక్కడెక్కడ తిరుగుతాడో అని ఆవిడ భయం. నీకు సమాధి లేదు గనక కొవ్వొత్తి తీసుకెళ్ళి సమాధుల తోటలో పెద్ద సిలువ కింద పెట్టింది. చర్చి మొత్తం లేచి నిలబడి నీకు నిత్య విశ్రాంతి కోరుతున్న టైముకి నువ్వు నర్సుని ఇడ్లీ అడుగుతున్నావు.

నువ్వు బతికే ఉన్నావని నేను ఫోన్ చేశాక, ఆవిడ పరుగున వెళ్ళి ఆ కొవ్వొత్తి ఆర్పబోయింది. అప్పటికి అన్నీ కాలిపోయి మైనం ఒక్కటే మిగిలిందంట. మేమందరం నవ్వాం. అమ్మ నవ్వలేదు. "పేరు ఇచ్చేశాను గదే, ఇప్పుడెట్టా వెనక్కి తీసుకోను" అంటుంది. ఫాదర్‌గారు ధైర్యం చెబుదామని, ప్రార్థన ఎక్కడికీ పోదు లూర్దమ్మా, వాడు నిజంగా పోయిన రోజు పనికొస్తుంది అన్నారంట. దాంతో ఇంకా బెంగ పెట్టుకుంది.

మందులు వేసుకో. బాబాయి బీడీలు అడక్కు.

అక్క,
శాలిని

&nbsp;

నాగాయలంక
నవంబరు 28

అక్కకి,

చచ్చి బతికినవాడు రాస్తున్నాడు. బాబాయికి చదివి వినిపిస్తే ఆయన కూడా నవ్వాడు. ఆయన నవ్వగా నేను చూడటం ఇదే మొదలు.

అమ్మకి చెప్పు, ఇది నా ఒక్కడికే జరగలేదని. 1976లో జర్మనీలో నిక్కీ లౌడా కారు మంటల్లో చిక్కుకుంది. బతకడని ఆసుపత్రికి ఫాదర్‌ని పిలిపించి, చావబోయేవాళ్ళకి నూనె రాసి ఇచ్చే అవస్థాభ్యంగనం కూడా ఇప్పించేశారు. ఆరు వారాలకల్లా ఆ మనిషి, కట్లలోంచి రక్తం కారుతుంటే వాటి మీదే హెల్మెట్ పెట్టుకుని ఇటలీలో కారెక్కాడు. నాలుగో స్థానంలో వచ్చాడు. నాకు చదివింది పేరొక్కటే, మొహం కూడా కాల్లేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానో నీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. ఫిబ్రవరిలో కొండపల్లి అడవిలో ర్యాలీ ఉంది. మన వైపు ఇంత పెద్దది ఎప్పుడూ జరగలేదు. మా టీం మేనేజరు రామకోటేశ్వరరావుగారు నా సీటు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. నలభై దాటినవాడు ఒకసారి దిగితే మళ్ళీ ఎవరూ ఎక్కించరక్కా. ఇది వదిలేస్తే ఆటోనగర్‌లో ఇంకొకళ్ళ కార్లకి బ్రేకులు సరిచేస్తూ కూర్చోవాలి. చెయ్యలేనని కాదు. అది చేస్తూ బతకలేను.

ఇక్కడ పొద్దున్నే కరకట్ట మీద నడుస్తున్నా. ఒక పక్క కృష్ణ, ఒక పక్క చెరువులు. నిన్న ఒక వంపు దగ్గర జనం నిలబడి ఉన్నారు. కట్ట అంచున వరసగా, వీపులన్నీ నా వైపు. అటేదో చూస్తున్నారు. వల లాగుతున్నారో, శవమేదైనా కొట్టుకొచ్చిందో అనుకుని గబగబా నడిచాను. వంపు తిరిగేసరికి ఒక్కరూ లేరు. దిగిపోవడానికి అక్కడ దారి కూడా లేదు. బాబాయిని అడిగితే, "ఆ వైపుకి ఎవడొస్తాడురా, నీ తల ఇంకా తగ్గలా" అన్నాడు. తలే అయ్యుంటుంది.

నీ తమ్ముడు,
శౌరి

&nbsp;

గుణదల
డిసెంబరు 6

శౌరీ,

నీ అల్మారా తాళం పగలగొట్టి రేసుల పుస్తకాలన్నీ బయటికి తీశాను. సోషల్ టీచర్ని, నాకు చరిత్ర సగం చెప్పి తప్పించుకుందామనుకున్నావా. అదే లౌడా, అదే ఏడాది చివర, జపాన్‌లో కుంభవృష్టిలో రెండంటే రెండు చుట్లు తిరిగి కారు దిగి వెళ్ళిపోయాడు. ఒక్క పాయింటు తేడాతో ప్రపంచ టైటిల్ పోగొట్టుకున్నాడు. ప్రాణం అంతకంటే ఎక్కువన్నాడు. ఆ ముక్క నువ్వెందుకు రాయలేదు?

నీకు సీటు కావాలి. నాకు తమ్ముడు కావాలి. ఇందులో నేను సర్దుకుపోవడానికేమీ లేదు.

అమ్మకి కళ్ళు బొత్తిగా ఆనడం లేదు గనక నీ ఉత్తరాలు నేనే చదువుతున్నాను. కరకట్ట మీద జనం సంగతి వదిలేసి చదవాల్సింది, నోరు జారి చదివేశాను. "అటు తిరిగున్నారా? మొహాలు కనపళ్ళేదా?" అని రెండు మూడుసార్లు అడిగింది. తరవాత జపమాల తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. అన్నానికి పిలిస్తే రాలేదు.

ఆ వంపు వైపు నడక మానెయ్. వేరే దారి లేకపోతే చెరువు గట్టు మీద తిరుగు.

అక్క

&nbsp;

నాగాయలంక
డిసెంబరు 20

అక్కా,

కోప్పడకుండా చదువు. ఒకటి చెప్పాలి. ముందు పాత సంగతి, తరవాత నాది.

1950లో మొనాకోలో రేసు. సముద్రం పక్కనే రోడ్డు. మొదటి చుట్టులోనే ఒక అల లేచి రోడ్డు మీద పడింది. ఆ తడి మీద ఒక కారు జారి అడ్డం తిరిగింది, వెనకొచ్చినవన్నీ దాన్ని గుద్దుకున్నాయి. ఫాంజియో అనే ఆయన అప్పటికే ముందుకెళ్ళిపోయాడు, వెనక జరిగింది ఆయనకి తెలీదు. రెండో చుట్టులో అదే చోటికి పూర్తి వేగంతో వస్తున్నాడు. అప్పుడు జనం దగ్గర ఏదో తేడా కనిపించింది. ముందు చుట్టులో తెల్లగా కనిపించిన వరస ఇప్పుడు నల్లగా ఉంది. మొహాలు కావు అవి, తలల వెనక భాగాలు. మొదటి స్థానంలో వస్తున్న నన్ను ఎవరూ చూడట్లేదంటే అటు అంతకంటే పెద్దదేదో జరిగింది అనుకుని బ్రేకు తొక్కాడు. విరిగిన కార్ల మధ్యలోంచి మెల్లిగా నడిపించుకుపోయాడు. ఆ రేసు ఆయనే గెలిచాడు.

ఇప్పుడు నాది. మొన్న మిట్టమధ్యాహ్నం బాబాయి జీపు తీశాను. డాక్టరుకి చెప్పకు. ఇన్నాళ్ళకి స్టీరింగ్ పట్టుకున్నాను. కరకట్ట మీద కాస్త జోరుగానే పోతున్నా. అదే వంపు. వాళ్ళు మళ్ళీ ఉన్నారు. అవే వీపులు. గాలి గట్టిగా వీస్తోంది, రెల్లు మొత్తం పడుకుని లేస్తోంది, వాళ్ళ బట్టలు మాత్రం కదలడం లేదు. నేను ఆలోచించలేదక్కా, ఫాంజియో కాలే నా కాల్లోకి వచ్చినట్టు బ్రేకు మీద పడింది. వంపు తిరిగి చూస్తే కట్ట లేదు. నది కోసుకుపోయింది. జీపు అంచు మీద ఆగింది. కింద నీళ్ళు సుళ్ళు తిరుగుతున్నాయి. నేను దిగి చక్రాల కింద రాళ్ళు పెట్టాను. తలెత్తేసరికి కట్ట మీద ఎవరూ లేరు.

కాబట్టి నా తల బాగానే ఉంది. వాళ్ళెవరైనా కానీ, నా మంచి కోరేవాళ్ళు.

ఈసారి దగ్గర్నుంచి చూశాను. ఒక ముసలాయన దగ్గర గొడుగుంది. ఒక లావుపాటి ఆవిడ చేతికి సిమెంటు కట్టుంది. వాళ్ళిద్దరి మధ్యా ఒక మనిషి పట్టేంత ఖాళీ. మిగతావాళ్ళంతా ఒకళ్ళనొకళ్ళు ఆనుకుని ఇరుకిరుగ్గా నిలబడ్డారు గానీ ఆ ఖాళీలోకి ఎవరూ జరగలేదు.

క్రిస్మస్‌కి అమ్మని పాయసం తినమను. నాకోసం ఉపవాసాలు ఉండొద్దను.

శౌరి

&nbsp;

గుణదల
జనవరి 2

శౌరీ,

పండుగ ఎలా జరిగిందని అడక్కు. నేను అడిగినదానికి మాత్రం జవాబు రాయి, వేరే ఏమీ వద్దు.

ఆ ముసలాయన గొడుగు చేత్తో పట్టుకున్నాడా, చొక్కా కాలరుకి వెనక తగిలించుకున్నాడా? ఆవిడకి కట్టు ఏ చేతికి?

వెంటనే రాయి. జీపు తాళం బాబాయికి ఇచ్చెయ్.

అక్క

&nbsp;

నాగాయలంక
జనవరి 9

అక్కా,

కాలరుకి. వంపు తిరిగిన పిడి కాలరులో ఇరికించి వీపు మీదికి వేలాడేసుకున్నాడు. ఆవిడకి కట్టు ఎడమ చేతికి, మోచేయి దాటి.

నేను ఇవేవీ నీకు రాయలేదు. రాశానేమో అని చాలాసేపు ఆలోచించాను కూడా. నీకెలా తెలుసు?

బాబాయి నన్ను కనిపెట్టి కూర్చుంటున్నాడు. కట్ట మీదికి పోనివ్వడం లేదు. కానీ అక్కడిదాకా పోనక్కర్లేదక్కా. నిన్న పడవల రేవు దగ్గర టీ తాగుతుంటే అవతలి ఒడ్డున ఉన్నారు. నదికి అవతల, ఇసుక మీద, అలాగే అటు తిరిగి. టీ కొట్టాయనకి చూపించాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "కొంగలండీ" అన్నాడు.

ముందు ఉత్తరం రాసినప్పుడు నాకు భయం వెయ్యలేదు. ఇప్పుడు కొంచెం వేస్తోంది. వాళ్ళని చూసి కాదు. నువ్వడిగిన ప్రశ్న చూసి.

శౌరి

&nbsp;

గుణదల
జనవరి 21

శౌరీ,

దాచి లాభం లేదు, చెప్పేస్తున్నాను.

గొడుగు కాలరుకి తగిలించుకుని తిరిగే మనిషి గుణదల మొత్తం మీద ఒక్కడే. రైల్వేలో గార్డుగా చేసిన అంతోనిగారు, రేసుల చుట్టూ తిరిగే నీకు ఆయన అలవాట్లేం తెలుస్తాయి. జూలైలో పోయారు. ఇన్నాసమ్మగారు బాత్రూంలో జారిపడి ఎడమ చెయ్యి విరగ్గొట్టుకుని, ఆ కట్టు విప్పకుండానే ఆగస్టులో పోయింది. నువ్వప్పుడు ఊళ్ళో లేవు, నీకు తెలిసే అవకాశం లేదు. మృతుల పండుగ నాడు ఫాదర్‌గారు అంతోనిగారి పేరు చదివారు, తరవాత నీ పేరు, ఆ తరవాత ఇన్నాసమ్మగారి పేరు. చర్చికి వెళ్ళినవాళ్ళందర్నీ విడివిడిగా అడిగి మరీ తెలుసుకున్నాను.

వాళ్ళు నిన్ను కాపాడుతున్నారని నువ్వనుకుంటున్నావు. నేననుకునేది రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ రాస్తాను. వాళ్ళు నీకు చోటు పట్టుకుని నిలబడ్డారు.

అమ్మ దగ్గర దాచుదామని చూశాను, ఆవిడ దగ్గర ఏం దాగుతుంది. నీ ఉత్తరం మొత్తం చదివించుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నా, ఏడవలేదు. పొయ్యి మీద పాలు దించి వచ్చి కూర్చుని, "వాళ్ళ తప్పేముందే, చోటు పట్టించింది నేను. బస్సులో సీటు మీద తువ్వాలు వేసినట్టు వాడి పేరు నేనే వేశాను. వేసినాక మనింటి మనిషి ఎవరో ఒకళ్ళు కూర్చోవాలి గదా, ఎన్నాళ్ళని ఆపుతారు వాళ్ళు మాత్రం" అంది. అంత మామూలుగా అందిరా. 

మర్నాడు చర్చికి పోయి, నా కొడుకు పేరు కొట్టేసి నా పేరు రాయండి అని ఫాదర్‌గారితో పేచీ పెట్టుకుంది. ఇది రేషన్ కార్డు కాదు లూర్దమ్మా, ఇలాంటి మాటలు పాపం అని ఆయన గట్టిగానే కోప్పడ్డారు. అమ్మ తలూపి వచ్చేసింది. ఆవిడ తలూపిందంటే వినలేదని అర్థం, నీకు తెలుసు గదా.

అప్పటి నుంచి రోజూ నీ పుస్తకాలు చదివి వినిపించమంటుంది. ఎవరెలా పోయారు, ఎవరెలా బతికారు, అవే కావాలి. నిన్న అస్కారి అనే ఇటలీవాడి సంగతి చదివాను. 1955లో అదే మొనాకోలో కారుతో సహా సముద్రంలో పడి, ఈదుకుంటూ బయటికొచ్చాడు. నాలుగు రోజుల తరవాత ఇంకొకడి హెల్మెట్ పెట్టుకుని, ఇంకొకడి కారెక్కి, ఊరికే రెండు చుట్లు తిరిగొస్తానని వెళ్ళి ఒక వంపులో పోయాడు. ఎందుకు జరిగిందో ఇప్పటికీ ఎవరికీ సరిగ్గా తెలీదంట. అమ్మ అంతా విని జపమాల పక్కన పెట్టింది. తరవాత, "వాడికి అమ్మ లేదా?" అని అడిగింది.

శౌరీ, నేను నిన్ను ఎప్పుడూ బతిమాలలేదు. ఇప్పుడు బతిమాలుతున్నాను. ఆ సీటు వదిలెయ్. ఆటోనగర్‌లో బ్రేకులు సరిచేసుకో. బతకలేనంటావు, బతుకుతావురా, అందరూ అలాగే బతుకుతున్నారు. నీ వల్ల మన ఇంట్లో ఇప్పుడు ఇద్దరు పోయేలా ఉన్నారు. నువ్వు కారెక్కితే నేను నీతో మాట్లాడను.

అక్క

&nbsp;

భవానీపురం, విజయవాడ
ఫిబ్రవరి 5

అక్కా,

మాట్లాడనన్నావు, ఫోను ఎత్తడం లేదు. ఉత్తరమైతే చదువుతావని షబ్బీరు ఇంట్లో కూర్చుని రాస్తున్నా. గుణదలకీ భవానీపురానికీ మధ్య ఉత్తరాలేంటని షబ్బీరు వాళ్ళ అమ్మ అన్వరీ గారు నవ్వుతున్నారు.

స్కాన్ బాగుంది. డాక్టరు సంతకం పెట్టాడు. నేను ఎక్కుతున్నాను.

ఆలోచించకుండా తీసుకున్న నిర్ణయం కాదు. నీ ఉత్తరం పట్టుకుని వారం రోజులు చెరువు గట్ల మీద తిరిగాను. కారెక్కడం మానేస్తే వాళ్ళు వెళ్ళిపోతారని ఏముంది? మెట్ల మీద ఉండొచ్చు, రోడ్డు దాటుతుంటే అవతల ఉండొచ్చు. వాళ్ళని చూసి బ్రేకు తొక్కగలిగే చోటు నాకు కారు ఒక్కటే. భయపడుతూ కూర్చోవడం నాకు చేతకాదక్కా.

రెండు రోజులుగా షబ్బీరూ నేనూ కొండపల్లి అడవి దారుల్లో తిరిగి నోట్సు రాసుకున్నాం. ప్రతి వంపూ, ప్రతి రాయీ. రేసులో వాడు తల దించుకుని ఆ పుస్తకం చదువుతూనే ఉంటాడు, రోడ్డు చూడడు. నేను రోడ్డు తప్ప ఏమీ చూడను. వాడి గొంతు నమ్మి తొక్కుతాను. పదేళ్ళుగా అంతే. వాళ్ళ సంగతి వాడికి చెప్పాను. నవ్వలేదు. "కనిపిస్తే నాకు చెప్పొద్దు భాయ్, నువ్వు మాత్రం చూసుకో" అన్నాడు. అడవిలో ఈ రెండు రోజులూ ఎవరూ కనిపించలేదు.

ఇంటికొద్దామని నిన్న బయల్దేరితే అమ్మ నీ ఎదురింటివాళ్ళ ఫోన్‌లో చేసింది. "ఇప్పుడు రాకు నాన్నా. నీ మొహం చూస్తే నిన్ను పంపలేను. అయినాక రా" అంది. నువ్వు ఆపమంటున్నావు, ఆవిడ పంపుతానంటోంది. ఇద్దరూ ఒక మాట మీద ఉండండి.

పదకొండో తారీఖు ర్యాలీ. అదే రోజు గుణదల మాత ఉత్సవాల్లో ఆఖరి రోజని నాకు తెలుసు. ఆ జనంలో అమ్మని కొండెక్కనివ్వొద్దు. ఆవిడ గుండెకి ఆ మెట్లు మంచివి కావు.

శౌరి

&nbsp;

విజయవాడ
ఫిబ్రవరి 11

శౌరీ,

ఈ ఉత్తరం షబ్బీరు తమ్ముడి చేతికిచ్చి రామకోటేశ్వరరావుగారికి పంపిస్తున్నాను. నీ పరుగులన్నీ అయ్యాకే ఇమ్మని చెప్పాను. అంటే ఇది నువ్వు చదువుతున్నావంటే నువ్వు బాగానే ఉన్నావన్నమాట.

అమ్మ పోయిందిరా.

తెల్లవారుతూనే కొండెక్కుతానని కూర్చుంది. వద్దని అరిచాను, తలుపు గడియ పెట్టాను, ఆవిడ గుమ్మం దగ్గర చాప వేసుకుని కూర్చుని అన్నం నీళ్ళు ముట్టనంది. నేనేం చెయ్యను. గుహ దగ్గర పూజ విన్నాం. ఇసకేస్తే రాలని జనం. చెప్పులు విప్పి నా సంచిలో పెట్టి, పైన సిలువ దాకా పోదామంది. సగం దారిలో ఒక రాయి మీద కూర్చుంది. నీళ్ళు పట్టబోతే వద్దంది. "వాడు బయల్దేరాడా?" అని అడిగింది. ఈపాటికి బయల్దేరి ఉంటాడమ్మా అన్నాను. "అయితే నేనూ పోవాలి" అని నా భుజం పట్టుకుని లేచి, అలాగే నా మీదికి ఒరిగిపోయింది. వాలంటీర్లు మోసుకుని కిందికి దించారు. ఆసుపత్రిలో చూసి, దారిలోనే అయిపోయిందన్నారు.

రామకోటేశ్వరరావుగారికి ఫోన్ చేశాను. బాబుని ఆపించమంటారా అమ్మా, ఇంకా మొదలు కాలేదు అన్నారు. ఆపించండి అనే చెప్పబోయాను. నోరు రాలేదు. ఈ మూడు వారాలూ ఆవిడ నాతో ఒకటే మాట, "నా దారిన నేను పోయాక కూడా వాణ్ణి ఆపావంటే నేను చేసిందంతా బూడిదలో పోసినట్టే" అని. ఏం చేసిందో నాకు తెలీదు. గుండె జబ్బు మనిషి, ఖాళీ కడుపుతో ఎక్కింది, అంతే అని డాక్టరు చెప్పాడు. అదే నమ్ముదామని చూస్తున్నాను.

నీ మీద కోపంగా ఉంది. అమ్మ మీద అంతకంటే కోపంగా ఉంది. ఆవిడ చెప్పులు ఇంకా నా సంచిలోనే ఉన్నాయి, తియ్యలేకపోతున్నాను. నువ్వు రా. నాతో ఎవరైనా ఉండాలి.

అక్క

&nbsp;

కొండపల్లి
ఫిబ్రవరి 11

అక్కా,

అయిపోయింది. మూడో స్థానం. నా సీటు నాదేనని ఓనరు వచ్చి భుజం తట్టి వెళ్ళాడు. అందరి ఫోన్లూ పొద్దున్నే రామకోటేశ్వరరావుగారు తీసుకున్నారు. అడిగితే ఇస్తా ఇస్తా అంటున్నారు గానీ ఇవ్వడం లేదు. చేతిలో ఏదో కవరు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నారు, నాతో ఏదో మాట్లాడాలంట. రెండు నిమిషాలాగండి, మా అక్కకి ఒక ముక్క రాసుకుంటానన్నాను. నోటితో అడిగితే నీతో దెబ్బలాట అయ్యేలా ఉంది. రాస్తేనే మర్యాదగా అడగ్గలను.

అమ్మని ఈ అడవిలోకి ఎందుకు తీసుకొచ్చావు? నువ్వే తెచ్చి ఉంటావు, ఆవిడ ఒక్కతే రాలేదు. ఆపమన్నది నువ్వే, తీసుకొచ్చి దారి పక్కన నిలబెట్టిందీ నువ్వే. ఆ చోట జనాన్ని ఉండనివ్వరు, ఎవర్ని బతిమాలి దూరారో నాకు తెలీదు. పైగా రాళ్ళ మీద చెప్పుల్లేకుండా. ఆవిడ చెప్పులేవీ? కాళ్ళ నిండా మట్టి.

రెండో పరుగులో జరిగింది చెబుతాను. కొండ దిగుతూ పొడుగు మలుపు. షబ్బీరు తల దించుకుని, తొక్కెయ్, తొక్కెయ్, ఏమీ లేదని చదువుతున్నాడు. చెట్ల మధ్య వాళ్ళు కనిపించారు. అదే వరస, అవే వీపులు. గొడుగూ కట్టూ అన్నీ చూశాను, ఆవిడకి వాళ్ళు కనపడరు కాబోలు, అమ్మ సరిగ్గా ఆ రెంటి మధ్యే నిలబడి ఉంది. పూర్తిగా బ్రేకు తొక్కాను. షబ్బీరు పుస్తకం జారిపోయి నన్ను తిట్టాడు. మలుపు తిరిగితే మా ముందు వెళ్ళిన కారు రోడ్డుకి అడ్డంగా పడి ఉంది. లోపలున్న ఇద్దరూ కిటికీలోంచి బయటికి రావాలని కొట్టుకుంటున్నారు. మేం దిగి లాగాం, ఆగిన టైము నిర్వాహకులు తరవాత లెక్కలోంచి తీసేశారు. ఇద్దరూ బతికారు. నేను ఆ వేగంతోనే వచ్చుంటే నలుగురం అక్కడే పోయేవాళ్ళం.

ఇంకేం దాచను, అక్కడ నేను గెలిచానని కాదు, బతికానని ఏడ్చాను. షబ్బీరు కూడా ఏడ్చాడు. వాడు ఎవర్నీ చూడలేదంట. వెనక్కి పరిగెత్తి అమ్మ కోసం చెట్లన్నీ వెతికాను, మీరు వెళ్ళిపోయారు. కనీసం ఆగాల్సింది. కారులో కెమెరా ఉంది, సాయంత్రం చూస్తాం, ఆవిడ ఎంత ధీమాగా నిలబడిందో నీకూ చూపిస్తాను.

ఇప్పుడే బయల్దేరి ఇంటికొస్తున్నా. రావొద్దన్న గడువు అయిపోయింది గదా. అమ్మని ఏమీ అనకు, నేనూ అనను.

ఒక్కటే నాకు అర్థం కాలేదు. అటు అంత ఘోరం జరిగి ఉంది. కారు బోల్తాపడింది, మనుషులు అరుస్తున్నారు. ఎవరైనా అటే చూస్తారు, వాళ్ళందరూ అటే చూస్తున్నారు. అమ్మ ఒక్కతే అటు చూడలేదక్కా. నన్నే చూస్తూ నిలబడింది.

శౌరి